చెడిన చెలిమిని చక్కబఱచు విద్య

పంజాగుట్ట నుండి అమీరుపేట మైత్రీవనము వఱకు నడచినవారికి విద్య నేర్పు బోర్డులెన్నో కనబడును. కంప్యూటరు విద్య నేర్చుటకై నానా జిల్లాల యువకులచ్చటికి వచ్చుదురు. అయితే ఆ పరిసరముల పాఠశాలలలోని యుపాధ్యాయులకు మఱియొక విద్యయు నవసరము. అది బాలుర నడుమ చెడిన చెలిమిని చక్కబఱచు విద్య.

ఒక బాలుడు కోపముతో తోటివాని లెక్కల పుస్తకమును చింపెననుకొందము. పూర్వము బెత్తమే తీర్పు చెప్పెడిది. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ సెక్షనున దేహదండనమును, మానసిక వేధింపును నిషేధించినది. మఱి బెత్తమునకు మాఱుగా నేమి చేయవలెను? దోషిని బడినుండి వెడలగొట్టినచో, నష్టపడినవానికి పుస్తకము రాదు. చింపినవానికి బుద్ధియు రాదు.

ఈ చిక్కును విడదీయు మార్గమొకటి కలదు. ఇరువురిని, వారి మేలు కోరువారిని వలయముగా గూర్చుండబెట్టి నాలుగు ప్రశ్నలడుగుదురు. ఏమి జరిగినది? అప్పుడు నీ మనస్సున నేమి యుండెను? ఇందువలన నెవరికెట్టి బాధ కలిగెను? దానిని సరిదిద్దుటకేమి చేయవలెను? దోషి తన నోటితోనే బాధ్యత నొప్పుకొని, పుస్తకము కొనియిచ్చుటయో, నోట్సు వ్రాసియిచ్చుటయో నిశ్చయించుకొనును.

1974లో కెనడా దేశపు ఎల్మీరా పట్టణమున నిద్దఱు యువకులు 22 చోట్ల ఆస్తులను పాడుచేసిరి. న్యాయాధిపతి యనుమతిపై వారు బాధితుల యిండ్లకేగి, మాటలాడి, నష్టమును చెల్లించిరి. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండున మార్గరెట్ థార్స్‌బోర్నుగారు ఇట్టి సమావేశమును పాఠశాలలో ప్రవేశపెట్టిరి. నేడు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, బెత్లెహేము నగరమున, ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ రిస్టోరేటివ్ ప్రాక్టీసెస్ అను విద్యాలయము ఈ విషయమునందే మాస్టర్ పట్టమునొసగుచున్నది.

నాలుగు ప్రశ్నలకింత చదువేల యని కొందఱడుగవచ్చును. ప్రశ్నించుట సులభము, ఆలకించుట కష్టము. నేర్పులేనివాడు నడపిన వలయము, దోషిని పదిమందిలో నవమానించు సభయగును. మన రచ్చబండలయందును బలవంతుని మాటయే చెల్లిన సందర్భములు కలవు గదా! బాధితుడు ఇష్టపడనిచో నతనిని వలయమునకు బలవంతముగా రప్పింపరాదు. క్షమింపుమని యొత్తిడి చేయరాదు. ఎవరిని ముందు మాటలాడనీయవలెనో, ఎప్పుడు మౌనము వహింపవలెనో ఉపాధ్యాయుడు నేర్వవలెను.

విద్యార్థులారా, చింపిన పుటను అతికించుటకు బంక చాలును. చింపిన మనస్సును అతికించుటకు సత్యము చెప్పు ధైర్యము కావలెను. తల్లిదండ్రులారా, మీ బిడ్డ తప్పుచేసినట్లు విన్నప్పుడు “ఎన్ని దెబ్బలు కొట్టిరి?” అని గాక, “ఎవరికి నొప్పి కలిగినది? దానిని నీవెట్లు తీర్చితివి?” అని యడుగుడు.