వెన్నెముక శస్త్రచికిత్సలో రోగిని పరుండబెట్టు విధము

గుంటమగ్గము మీద వంగి కూర్చుండి పగలంతయు నేయువారికి నడుమునొప్పి కొత్త సంగతి కాదు. ఆ నొప్పి చాలవరకు మందులతోను, వ్యాయామముతోను, పని నడుమ విశ్రాంతితోను తగ్గును. కాని వెన్నుపూసల నడుమనుండు మెత్తని బిళ్ల జారి నరమును నొక్కినప్పుడు, కాలు నానాటికి బలహీనపడినప్పుడు, వైద్యులు శస్త్రచికిత్స అవసరమని చెప్పవచ్చును. మలమూత్రములపై పట్టు తప్పినచో ఒక్క దినమైనను జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.

శస్త్రచికిత్స యనగానే ఇంటిల్లిపాది కత్తిని గురించియే భయపడుదురు. కత్తి పెట్టుటకు ముందు జరుగు పని యొకటి కలదు. అది మత్తులోనున్న రోగిని బల్లపై సరిగా పరుండబెట్టుట. రక్తము ఎంత పోవును, కన్ను నరము క్షేమముగా నుండునా అనునవి చాలవరకు దానిపై ఆధారపడి యున్నవి. కనుక ఈ పాఠములో ఆ సంగతి వివరింపదలచితిమి.

బోర్ల త్రిప్పుట

నడుము శస్త్రచికిత్స సాధారణముగా వీపు వైపునుండి చేయుదురు. కనుక రోగి బోర్ల పరుండవలెను. కాని మత్తు ఇచ్చుట మాత్రము వెల్లకిల ఉన్నప్పుడే. చక్రముల మంచము మీద మత్తు ఇచ్చి, ఊపిరి కొరకు గొంతులో గొట్టము అమర్చి, పిమ్మట నలుగురైదుగురు కలిసి ఒక్కసారిగా బల్లమీదికి త్రిప్పుదురు. మత్తువైద్యుడు తలను, గొట్టమును పట్టుకొనును. మెడ మెలిపడకుండ తలయు మొండెమును ఒకే వరుసలో తిరుగవలెను. అవసరమైనచో మరల వెంటనే వెల్లకిల త్రిప్పుటకు ఆ మంచమును దగ్గరనే ఉంచుట మంచి పద్ధతి.

మత్తులో రక్తపుపోటు

మనము మగ్గపు గుంటనుండి లేచి నిలువబడినప్పుడు రక్తము కాళ్లలోనికి దిగజూచును. మెడలోను, గుండె చెంతను ఉన్న పెద్ద రక్తనాళములు ఆ మార్పును పసిగట్టగా, శరీరము నాళములను బిగించి, గుండె వేగమును పెంచి పోటును నిలుపును. అందుచేతనే మనము తూలిపడము. మత్తుమందు ఈ కాపలాను మందగింపజేయును, నాళములను వదులు చేయును. అట్టి స్థితిలో మనిషిని బోర్ల త్రిప్పి, రొమ్ము మీద బరువు పడనిచ్చినచో, గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గి పోటు పడిపోవచ్చును.

వెన్నుపామునకు రక్తమిచ్చు నాళములు కొద్ది. దాని పొడవునను ముందు ఒకటి, వెనుక రెండు సన్నని ధమనులు దిగును. వానికి ప్రక్కలనుండి కొన్ని నాళములు తోడగును. అందులో పెద్దదానిని 1882లో ఆల్బర్ట్ ఆడంకీవిచ్ అను వైద్యుడు వర్ణించెను. అది సాధారణముగా ఎడమ ప్రక్కన, రొమ్ము వెన్నుపూసల క్రింది భాగమున ప్రవేశించును. పోటు మిక్కిలి తగ్గినచో వెన్నుపాము ఆకలిగొనును. కాబట్టి సగటు పోటు 65 మిల్లీమీటర్లకు దిగకుండ చూచుట సాధారణ నియమము. పాత రక్తపుపోటు గలవారికి ఇంతకంటె ఎక్కువ కావలసి యుండును. అందుకే రోగి నిత్యపు పోటు ఎంతయో వైద్యునికి ముందుగా తెలియవలెను.

పొట్ట వ్రేలాడవలెను

ఈ పాఠమునకు ఇదియే గుండెకాయ. కాళ్లనుండియు పొట్టనుండియు రక్తమును గుండెకు చేర్చు పెద్ద సిర వెన్నెముకకు ముందు ప్రక్కన, పొట్ట లోపల నున్నది. దాని గోడ పలుచన. పొట్ట బల్లకు ఒత్తుకొన్నచో అది నలిగిపోవును. పెద్ద కాలువకు అడ్డుకట్ట పడినప్పుడు నీరు పిల్లకాలువలలో పొంగినట్లే, ఆ రక్తము వెన్నెముక చుట్టునున్న సిరల వలలోనికి ప్రక్కదారి పట్టును. ఈ సిరలలో రక్తమును ఒకే దిక్కునకు నడుపు కవాటములు లేవు. ఫిలడెల్ఫియాలో శరీరశాస్త్రము బోధించిన ఆస్కార్ బాట్సన్ 1940లో వీని స్వభావమును వివరించెను. కత్తి పెట్టు చోటనే సిరలు ఉబ్బియుండుటచే రక్తస్రావము హెచ్చును, శస్త్రవైద్యునికి నరము సరిగా కనబడదు.

దీనికి ఉపాయము సులభము. పొట్టకు ఏదియు తగులరాదు. 1967లో టొరంటోలోని పిల్లల ఆసుపత్రికి చెందిన మత్తువైద్యుడు రెల్టన్, శస్త్రవైద్యుడు హాల్ కలిసి ఒక చట్రమును ప్రకటించిరి. అందు నాలుగు మెత్తలు కలవు: రెండు రొమ్మునకు ఇరుప్రక్కల, రెండు తుంటియెముకల వద్ద. బరువంతయు వానిపై నిలువగా పొట్ట నడుమ స్వేచ్ఛగా వ్రేలాడును. నేటి ఆసుపత్రుల బల్లలు అనేక విధములైనను, ఆ సూత్రము మారలేదు. పొట్ట నొక్కుకొననిచో ఊపిరితిత్తులకు గాలి నింపుటయు సులభమగును.

కండ్లు, చేతులు

మత్తులోనున్నవాడు నొప్పి యని చెప్పలేడు. అందుచేత కనుగ్రుడ్డుపై ఏ ఒత్తిడియు పడకుండ ముఖమును తగిన మెత్తలో అమర్చి, మాటిమాటికి పరీక్షించుదురు. అరుదుగా చూపు పోవుటయు కలదు. అమెరికా మత్తువైద్యుల సంఘము 1999లో ఇట్టివానిని నమోదు చేయ నారంభించినది. 2006లో ప్రకటించిన 93 వెన్నెముక శస్త్రచికిత్సల వివరములలో, చాలవరకు ఆరు గంటలకు తక్కువగాని మత్తో, ఒక లీటరుకు తక్కువగాని రక్తస్రావమో కనబడినది. తలను గుండెకు సమమట్టమునగాని, కొంచెము ఎత్తునగాని ఉంచుట ఇందులకే.

చేతులను తలవైపు చాచినప్పుడు భుజమువద్ద 90 డిగ్రీలు దాటకుండ చూచి, మోచేతుల క్రింద మెత్తలుంచుదురు. లేనిచో చేతి నరములు సాగి గాని, నలిగి గాని తిమ్మిరి కలుగును. నాడెను విసరు చేయి మనకెంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. శస్త్రచికిత్స తరువాత ముఖము ఉబ్బియుండుట చూచి బెదరవలదు. అది సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. చూపు మసకబారినను, చేయి కాలు కొత్తగా మొద్దుబారినను మాత్రము వెంటనే చెప్పవలెను.

మనము చేయవలసినవి

1. వాడుచున్న మందులన్నియు వైద్యునికి చూపవలెను. రక్తము పలుచబరచు మందులను, పోటు మందులను స్వయముగా మానరాదు, స్వయముగా మ్రింగరాదు.

2. చేయి పైకెత్తినప్పుడు భుజము నొప్పి, మెడ బిగువు, కంటిలో నీటికాసుల జబ్బు, గుండె జబ్బు, మధుమేహము, ఊగు పళ్లు ఉన్నచో దాచరాదు.

3. రక్తహీనతను ముందే పరీక్షించి సరిచేసికొనవలెను. బీడీ, చుట్ట, పొగాకు మానవలెను.

4. సమ్మతిపత్రముపై సంతకమునకు ముందు మత్తువైద్యుని అడుగవలెను: "ఎన్ని గంటలు పట్టును? రక్తము ఎక్కించవలసి యుండునా? పొట్టకు, కండ్లకు ఒత్తిడి పడకుండ ఏమి చేయుదురు?"

షోలాపురములో మరాఠీ, సేలములో తమిళము, బరంపురములో ఒరియా మాటలాడు వైద్యులు మనకు తటస్థపడుదురు. మనవారిలో వృద్ధులకు ఇంటి తెలుగు తప్ప ఆసుపత్రి మాట తెలియదు. అట్టివారితో ఆ భాష చదివిన కుమారుడో, కోడలో తప్పక పోవలెను. అర్థముకాని కాగితముపై సంతకము పెట్టవలదని, అడుగుటకు సిగ్గుపడవలదని మా మనవి.