పండు ఈగ పేగులో కాపలా



మొన్న మిగిలిన అరటిపండ్లు మెస్సులో బుట్టలో పెట్టారు. రెండు రోజులకే బాగా మగ్గిపోయి చిన్న చిన్న ఈగలు మూగాయి. ఎర్ర కళ్ళు, సుమారు 3 మిల్లీమీటర్ల ఒళ్ళు. ఇవే పండు ఈగలు. శాస్త్రజ్ఞులు డ్రోసోఫిలా అంటారు. మా ఊళ్ళో జీలుగు కల్లు కుండ మీద కూడా ఇలాంటివే వాలతాయి. కుళ్ళిన పండు తింటే మనకి బేదులవుతాయి కదా, రోజూ అదే తినే ఈగకి ఎందుకు కావు? సైన్సు మేడంని అడిగాను. ఆమె చెప్పింది నోట్సులో రాసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

పేగులో ఎవరుంటారు?
ఈగ పేగులో కొద్ది రకాల బాక్టీరియా ఉంటాయి. అందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి లాక్టోబాసిల్లస్. పాలు పెరుగయ్యేది ఇలాంటి వాటివల్లే. రెండోది అసిటోబాక్టర్. కల్లు నిలవుంటే పుల్లబడేది ఇలాంటి వాటివల్లే. 2011లో ఫ్రాన్సులో, దక్షిణ కొరియాలో బాక్టీరియా లేకుండా ఈగ పిల్లల్ని పెంచి చూశారు. పౌష్టికం తక్కువైన మేత పెడితే అవి సరిగా ఎదగలేదు. ఆ బాక్టీరియాని తిరిగి ఇస్తే బాగా ఎదిగాయి.

కాపలా ఎలా?
ఈగకి మనలాగా యాంటీబాడీలు లేవు. పేగు కణాలే కాపలా కాస్తాయి. బాక్టీరియా గోడలో పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం ఉంటుంది. దాని ముక్కలు తగిలితే కణాలు బాక్టీరియాని చంపే చిన్న ప్రొటీన్లు తయారుచేస్తాయి. కానీ మంచి బాక్టీరియాకీ అదే గోడ! అందుకే ఆ ముక్కల్ని విరగ్గొట్టే ఎంజైముని కూడా పేగు వదులుతుంది. ముక్కలు కొద్దిగా ఉంటే ఊరుకుంటుంది. ఎక్కువైతేనే పోరాటం.

ఇంకో గుర్తు 2013లో తెలిసింది. రోగం తెచ్చే కొన్ని బాక్టీరియా యురాసిల్ అనే పదార్థం వదులుతాయి. అది తగలగానే పేగు ఘాటైన ఆక్సిజన్ రసాయనాలతో వాటిని చంపుతుంది. ఆ ఘాటుకి పేగు కణాలు కూడా కొన్ని దెబ్బతింటాయి. వాటి బదులు మూల కణాల నుంచి కొత్తవి పుడతాయి.

కాపలా మితిమీరితే?
పేగులో కాడల్ అనే జన్యువు ఉంది. అది కాపలాకి కళ్ళెం లాంటిది. 2008లో కొరియా శాస్త్రజ్ఞులు దాన్ని పనిచేయకుండా ఆపారు. చంపే ప్రొటీన్లు మితిమీరి తయారయ్యాయి. దాంతో మామూలుగా ఎక్కువ ఉండే బాక్టీరియా తగ్గిపోయింది. అంతవరకూ దాని కింద అణిగి ఉన్న గ్లూకోనోబాక్టర్ పెరిగిపోయింది. పేగు కణాలు చచ్చాయి, ఈగలు కూడా త్వరగా చచ్చాయి. అసలు బాక్టీరియా లేకుండా పెంచిన ఈగలకి మాత్రం కళ్ళెం తీసినా అలా కాలేదు.

ఇది విన్నాక నాకు భయం వేసింది. పోయిన వానాకాలం నా పక్క మంచం అమ్మాయికి బేదులైతే, నా ట్రంకు పెట్టెలో మిగిలిన యాంటిబయాటిక్ మాత్ర నేనే ఇచ్చాను. తగ్గలేదు. ఆసుపత్రిలో ఓఆర్ఎస్ నీళ్ళు పట్టించాకే లేచి కూర్చుంది. మన పేగు, ఈగ పేగు ఒకటి కాదు. అయినా ఆ మాత్ర చెడ్డ వాటితోపాటు మంచి బాక్టీరియాని కూడా చంపుతుందని మేడం చెప్పారు. నేను మంచే చేశాననుకున్నాను.

మిగిలిన మాత్రలు వార్డెన్ మేడంకి ఇచ్చేశాను. మీ పెట్టెల్లో ఉంటే మీరూ ఇచ్చేయండి. డాక్టరు రాసిన మందు చెప్పినన్ని రోజులు వాడండి. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగండి. క్రిములన్నీ శత్రువులు కావు. ఎవరిని కొట్టాలో, ఎవరిని ఉండనివ్వాలో ఈగ పేగుకే తెలుసు, మనం కూడా తెలుసుకుందాం.

– 9వ తరగతి విద్యార్థిని