మొలలేలే అని ఊరుకోవద్దు

మనం తిన్న తిండి చిన్నపేగులో అరుగుతుంది. మిగిలిన పిప్పి పెద్దపేగులోకి వస్తుంది. పెద్దపేగు సుమారు 5 అడుగుల పొడవు ఉంటుంది. ఈ పేగుకు కూడా క్యాన్సర్ వస్తుంది. ఆడవారికీ వస్తుంది, మగవారికీ వస్తుంది.

అది ఒక్కరోజులో వచ్చేది కాదు. మొదట పేగు లోపలి గోడ మీద చిన్న బుడిపె లేస్తుంది. చాలా బుడిపెలు ఏమీ చేయవు. కొన్ని మాత్రం మెల్లగా క్యాన్సర్‌గా మారతాయి. అందుకు సాధారణంగా 10 ఏళ్ళ దాకా పడుతుంది. బుడిపెగా ఉన్నప్పుడే తీసేస్తే క్యాన్సర్ రాకుండా ఆపవచ్చు.

ఈ అత్తాకోడళ్ళ మాటలు చదవండి.

"అత్తయ్యా, మామయ్యగారికి నెలరోజుల నుంచి దొడ్డికెళితే రక్తం పడుతోందట గదా?"

"వేడి చేసిందిలే అమ్మా. మొలలై ఉంటాయి. పసరుమందు తాగుతున్నాడు."

"మొలలో కాదో మనకెట్లా తెలుస్తుంది? డాక్టరు చూడాలి గదా?"

"ఇట్లాంటివి చెప్పుకోటానికి సిగ్గు కాదూ?"

"మనం సిగ్గుపడితే జబ్బు ఆగుతుందా అత్తయ్యా?"

కోడలి మాట నిజం. మొలలున్నా రక్తం పడుతుంది. క్యాన్సర్ ఉన్నా పడుతుంది. ఏదో తేల్చేది పరీక్షే.

ఈ గుర్తులుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి:
• మలంలో రక్తం పడటం
• మలబద్ధకం గానీ విరేచనాలు గానీ వారాల తరబడి తగ్గకపోవటం
• కడుపునొప్పి వదలకపోవటం
• ఊరికే బరువు తగ్గటం, ఒంట్లో రక్తం తగ్గి నీరసించటం

ఏ బాధా లేకపోయినా పరీక్ష చేయించుకోవచ్చు. మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో చూస్తారు. ఉందని తేలితే కొలనోస్కోపీ చేస్తారు. అంటే, సన్నని గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పేగంతా చూడటం. బుడిపె కనపడితే చాలావరకు అప్పుడే తీసేస్తారు.

అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్ళ వయసు నుంచే ఈ పరీక్షలు మొదలుపెట్టమంటున్నారు. మన దేశంలో 30 ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వం నోటి, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్లకు పరీక్షలు పెట్టింది. పెద్దపేగుకు అలా అందరికీ పరీక్ష లేదు. కాబట్టి మనమే డాక్టరును అడగాలి. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉంటే 40 ఏళ్ళకే అడగాలి.

పొగాకు, సారా మానండి. ఆకుకూరలు, పప్పులు, పండ్లు, జొన్నలు, రాగులు తినండి. రోజూ నడవండి. ఇలా చేస్తే ముప్పు తగ్గుతుంది. అయినా గుర్తులు కనపడితే పరీక్ష మానవద్దు.

చెప్పండి:
1. బుడిపెను ముందే తీసేస్తే లాభమేమిటి?
2. రక్తం పడితే పసరుమందుతో ఎందుకు సరిపెట్టుకోకూడదు?
3. మీ ఇంట్లో ఈ సంగతి ఎవరికి చెబుతారు?