నీళ్లు ఎక్కుతున్నాయా, తగ్గుతున్నాయా? ఆరోహణ, అవరోహణ, స్థిర ప్రమేయాలను గుర్తించడం ఎలా?

గట్టి వాన పడితే గార్ల దగ్గర పాకాల వాగు చెక్‌డ్యాం మీదుగా పొంగుతుంది. రాంపురం, మద్దివంచల వైపు రాకపోకలు ఆగిపోతాయి. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: నీళ్లు ఎక్కుతున్నాయా, తగ్గుతున్నాయా? ఈ పాఠంలో మనం తేల్చేదీ అదే.

కావలసినవి

గ్రాఫ్ కాగితం, పెన్సిల్, స్కేలు, ఒక పట్టిక. అంకెలు లెక్క కోసం మనం అనుకున్నవే. పొద్దున 6 గంటలను సున్నా అనుకుందాం.

గంటలు: 0, 2, 4, 6, 8, 10
నీటిమట్టం (అడుగులు): 2, 3, 5, 5, 4, 2

చేసే పద్ధతి

1. అడ్డంగా ఎక్స్-అక్షం మీద గంటలు, నిలువుగా వై-అక్షం మీద అడుగులు వేద్దాం. తారుమారైతే తర్వాతిదంతా తప్పే.

2. ఆరు బిందువులు పెట్టి, వరుసగా స్కేలుతో కలుపుదాం.

3. పెన్సిల్ మొనను ఎడమ చివర ఉంచి, గీత వెంట కుడివైపుకే జరుపుదాం. కుడి నుంచి ఎడమకు చదివితే ఆరోహణ కాస్తా అవరోహణలా కనిపిస్తుంది.

4. మొన పైకెక్కిన మేర, అంటే [0, 4]లో, ప్రమేయం (ఇక్కడ గంటలను బట్టి మారే నీటిమట్టం) ఆరోహణం. చదునుగా సాగిన [4, 6]లో స్థిరం. కిందికి దిగిన [6, 10]లో అవరోహణం.

5. ఇప్పుడు సరిచూద్దాం. ఒక అంతరంలో ఏ రెండు గంటలు తీసుకున్నా, తర్వాతి గంటకే మట్టం ఎక్కువుంటే అది శుద్ధ ఆరోహణం. "ఏ రెండు" అన్నది మరవద్దు. 2వ గంటకు 3 అడుగులు, 8వ గంటకు 4 అడుగులు చూసి మధ్యలో అంతా పెరిగిందంటే, నీళ్లు నిలకడగా ఉన్న సమయమూ తగ్గిన సమయమూ లెక్కలోకి రావు.

తరచూ చేసే పొరపాట్లు

మట్టం ఎక్కువగా ఉండటం వేరు, పెరుగుతుండటం వేరు. 8వ గంటకు నీళ్లు పొద్దుటి కన్నా ఎక్కువే, కానీ తగ్గుముఖంలో ఉన్నాయి. చాలామంది ఇక్కడే తడబడతారు.

జవాబును గంటల్లోనే రాయాలి. "2 నుంచి 5 అడుగుల వరకు ఆరోహణ" అంటే మార్కు పోయినట్టే.

ఇంటర్‌లో అవకలజం వచ్చాక ఇంకో చిక్కు. ఒక్క బిందువు దగ్గర అవకలజం సున్నా అయినంత మాత్రాన ప్రమేయం స్థిరం కాదు. ఎక్స్ ఘనానికి సున్నా దగ్గర అవకలజం సున్నాయే, అయినా అది అంతటా శుద్ధ ఆరోహణమే. అంతరమంతా సున్నా అయితేనే స్థిరం.

మీరే చేయండి

వై = ఎక్స్² − 4ఎక్స్ + 5 కి 0 నుంచి 4 వరకు పట్టిక వేయండి: 5, 2, 1, 2, 5 వస్తాయి. రెండు చివర్లా 5 ఉందని స్థిరం అనేయకండి. గీత ఎక్స్ = 2 వరకు దిగి, అక్కడి నుంచి ఎక్కుతుంది.