ప్రయోగశాలలో చేరిన చిరంజీవికి



మీ కంపెనీలోని పెద్ద కెమిస్టుగారు తాము కనుగొన్న విధానమును వేరొకరు కాజేసి పేటెంటు పొందిరని వాపోవుచున్నారనియు, ఇరువురి ఫలమును ఒక్కటియే అయినప్పుడు రెండవవాడు చోరుడు గాక మరేమగుననియు వ్రాసితివి. అంత త్వరగా తీర్పు చెప్పవలదు. మందునకు గాక దాని తయారీ విధానమునకే 2005 వరకు పేటెంటునిచ్చిన 1970 నాటి చట్టపు నీడననే గదా, తెలిసిన మందునకు క్రొత్త త్రోవ వెదకుచు మీ జిన్నారము, బొంతపల్లి, గడ్డపోతారముల బల్క్ డ్రగ్ కంపెనీలు ఎదిగినవి!

భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కూడి, కండరములకు శక్తినిచ్చు ఏటీపీని 1929 అక్టోబరులో ప్రకటించిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అదే పదార్థమును ఆ ఆగస్టుననే ప్రకటించి యుండెను. ఎవరి కృషి వారిదే. అంతకంటె గమనింపదగినది మరొకటి కలదు. ఫాస్ఫేటు గల ద్రావణమునకు మాలిబ్డేటును చేర్చి, పిమ్మట క్షయకరణిని కలిపినచో నీలవర్ణము పొడసూపును. ఆ నీలిమ గాఢతను బట్టి ఫాస్ఫేటు ఎంత కలదో లెక్కగట్టు పద్ధతిని ఫిస్కే, సుబ్బారావుగారలు 1925లో వెల్లడించిరి. దానినే లోమన్ మరుసటి యేడు జెండ్రాసిక్‌తో కలిసి సవరించి వాడుకొనెను. ఒకరి సాధనమును పేరు చెప్పి వాడుకొనుట శాస్త్రమున దోషము కాదు, మర్యాద.

దోషము వేరుచోట నుండును. దరఖాస్తుదారుడు ఆవిష్కరణమును తన యొద్దనుండి అన్యాయముగా గ్రహించెనని అభ్యంతరము చెప్పుటకు మన చట్టపు 25వ సెక్షను వీలు కల్పించుచున్నది. పేటెంటు మంజూరైన సంగతి ప్రకటితమైన నాటినుండి ఏడాదిలోపునను చెప్పవచ్చును. అయితే అందులకు పోలిక చాలదు, సంగతి చేతులు మారిన దారిని చూపవలెను.

కావున నీవు నేటినుండియే ల్యాబ్ నోట్‌బుక్కున పుటలకు సంఖ్యలు వేసి, సిరాతో, ఏ సాల్వెంటు ఎంత పోసితివో, ఏ ఉష్ణోగ్రతయందు ఎంతసేపు కలియబెట్టితివో, ఈల్డు పడిపోయిన బ్యాచ్‌తో సహా ఏనాటిది ఆనాడే వ్రాయుము. తప్పును ఒక్క గీతతో కొట్టివేయుమే గాని చెరపకుము. ఆ పనితో సంబంధము లేని తోటివానిచేత తేదీతో సంతకము చేయించుము. పెద్ద కెమిస్టుగారిని మాత్రము రెండు ప్రశ్నలు అడిగి, వారి సమాధానము నాకు వ్రాయుము: తమ నోట్‌బుక్కు పుటలను ఎదుటివారు ఎన్నడు చూచిరి? ఎవరి ద్వారా?