ఎలనోర్, ఖలీసీ: కల్పిత భాషల పేర్లు

నామధేయానికి ప్రాణం పోసేది వ్యుత్పత్తా, వ్యవహారమా? ఈ పాత ప్రశ్నకు కల్పిత భాషలు కొత్త సామగ్రిని సమకూర్చాయి.

ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు టోల్కీన్ 1954–55లో వెలువరించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవలలో శామ్ అనే తోటమాలి తన కూతురికి ఒక పుష్పం పేరిట ఎలనోర్ అని నామకరణం చేస్తాడు. టోల్కీన్ సృష్టించిన సిందారిన్ భాషలో ‘ఎల్’ అనగా నక్షత్రం, ‘అనోర్’ అనగా సూర్యుడు. అర్థంలో సందిగ్ధత లేదు. ఇంచుమించు ఇదే ధ్వని గల ఎలినోర్ అనే నిజనామం 12వ శతాబ్దిలో ఫ్రాన్సుకూ, పిదప ఇంగ్లండుకూ రాణి అయిన వనితది. దాని వ్యుత్పత్తిపై పండితులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు. అయినా తల్లులు ఆ పేరు పెడుతూనే ఉన్నారు.

అభిమానులు కొందరు తమ పేర్లనే సిందారిన్‌లోకి మార్చుకుంటారు. ఫిలిప్ అంటే గ్రీకులో అశ్వప్రియుడు గనుక గుర్రానికి ‘రోఖ్’ అనే మాటను వెదికి పట్టుకుంటారు. ఫిలిప్ అని పిలిచే తల్లికి గుర్రం స్ఫురిస్తుందా? అక్కడ అనువాదమైంది వ్యుత్పత్తి మాత్రమే.

ఖలీసీ ఇందుకు భిన్నం. 2011లో ప్రారంభమైన ‘గేమ్ ఆఫ్ త్రోన్స్’ టెలివిజన్ ధారావాహికలోని డోత్రాకీ భాషలో అది రాణికి బిరుదు. ఆ పాత్ర అసలు పేరు డెనేరిస్. బిరుదు పేరు కావడం వింత కాదు, సుల్తానాలు మన తరగతుల్లోనే ఉన్నారు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఎందరో పసికందులకు ఖలీసీ అని పేరు పెట్టారు. 2019లో కథ ముగిసే వేళకు ఆ రాణి ఒక మహానగరాన్ని దహించింది. అప్పటికే ఆ బాలికలలో కొందరు బడిలో చేరి, హాజరు వేళ ఆ పేరుకే పలుకుతున్నారు.