నాలుగు అక్షరాలు – ఎన్నో మాటలు



హాస్టల్ పిల్లలను ఎక్కువగా భయపెట్టే సబ్జెక్టు ఇంగ్లీషు. లెక్కలకు సూత్రాలుంటాయి. సోషల్‌లో కథ ఉంటుంది. స్పెల్లింగుకు మాత్రం బట్టీ తప్ప వేరే దారి లేదని చాలామంది అనుకుంటారు. 2022-23 విద్యా సంవత్సరం నుంచి మన ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇక స్పెల్లింగు రాకపోతే పోయేది ఇంగ్లీషు మార్కులు మాత్రమే కాదు. సైన్సు జవాబు తెలిసి కూడా కాగితం మీద పెట్టలేము. అందుకని బట్టీ పట్టకుండా మాటలను గుంపులుగా పట్టుకునే పద్ధతి ఒకటి ఇక్కడ వివరిస్తున్నాను.

ఒక షరతు. ఈ పాఠంలో ఇంగ్లీషు అక్షరాల పేర్లను తెలుగులోనే రాశాను. మీరు పక్కన నోటుబుక్కు పెట్టుకొని వాటిని ఇంగ్లీషులో మీ చేత్తో రాయాలి. అప్పుడే పాఠం పూర్తయినట్టు.

మీకు వచ్చిన మాటలే

ఎస్, టి, ఓ, పి. ఈ నాలుగు అక్షరాలను ఒక్కొక్కటి ఒక్కసారే వాడి ఎన్ని మాటలు చేయవచ్చో చూడండి.

1. ఎస్-టి-ఓ-పి: స్టాప్ – ఆగు, ఆగే చోటు
2. ఎస్-పి-ఓ-టి: స్పాట్ – చోటు, మచ్చ
3. పి-ఓ-ఎస్-టి: పోస్ట్ – టపా, కొలువు, స్తంభం
4. పి-ఓ-టి-ఎస్: పాట్స్ – కుండలు
5. టి-ఓ-పి-ఎస్: టాప్స్ – పై భాగాలు
6. ఓ-పి-టి-ఎస్: ఆప్ట్స్ – ఎంచుకుంటాడు

నకిరేకల్‌లో బడి ముఖం చూడని అవ్వ కూడా బస్ స్టాప్ అంటుంది, పోస్టాఫీసు అంటుంది. పదో తరగతి పేపర్లు దిద్దే చోటును స్పాట్ వాల్యుయేషన్ అని మనమంతా అంటాము. అంటే మాట మన నోట్లో ముందే ఉంది. లేనిది అక్షరాల వరుస ఒక్కటే. 'ఆప్షన్' తెలిసినవారికి 'ఆప్ట్' కొత్త మాట కాదు, దాని చుట్టమే.

ఇందులో లెక్క కూడా ఉంది. మొదటి చోట నాలుగు అక్షరాల్లో ఏదైనా రావచ్చు. రెండో చోటికి మూడు, మూడో చోటికి రెండు, చివరికి ఒకటి మిగులుతాయి. 4×3×2×1 = 24 వరుసలు. ఇంటర్ లెక్కల్లో వీటినే ప్రస్తారాలు అంటారు. ఆ 24లో అర్థం ఉన్నవి పైన చెప్పిన ఆరు.

'ఇ' జరిగితే 'ఏ' మారుతుంది

మన తెలుగులో అచ్చు హల్లుకు అతుక్కొని ఉంటుంది. క, కా, కి, కీ అని గుణింతం వస్తే ఏ మాటనైనా చదవగలము. ఇంగ్లీషులో అచ్చు విడిగా నిలబడుతుంది, పక్కన ఉన్న అక్షరాలను బట్టి పలుకు మార్చుకుంటుంది. మన పిల్లలు తడబడేది ఇక్కడే. కింది జంటలు చూడండి.

1. ఎల్-ఏ-కె-ఇ: లేక్ – సరస్సు, ఎల్-ఇ-ఏ-కె: లీక్ – కారడం
2. ఎస్-ఏ-ఎల్-ఇ: సేల్ – అమ్మకం, ఎస్-ఇ-ఏ-ఎల్: సీల్ – ముద్ర
3. ఎం-ఏ-టి-ఇ: మేట్ – తోటివాడు, ఎం-ఇ-ఏ-టి: మీట్ – మాంసం
4. టి-ఏ-ఎం-ఇ: టేమ్ – మచ్చికైన, టి-ఇ-ఏ-ఎం: టీమ్ – జట్టు
5. ఎం-ఏ-ఎల్-ఇ: మేల్ – మగ, ఎం-ఇ-ఏ-ఎల్: మీల్ – భోజనం
6. హెచ్-ఏ-టి-ఇ: హేట్ – ద్వేషించు, హెచ్-ఇ-ఏ-టి: హీట్ – వేడి
7. ఎం-ఏ-ఎన్-ఇ: మేన్ – జూలు, ఎం-ఇ-ఏ-ఎన్: మీన్ – అర్థమిచ్చు, లెక్కల్లో సగటు

ప్రతి జంటలో జరిగింది ఒకటే. చివరనున్న 'ఇ' లేచి 'ఏ' అక్షరం ముందుకు వచ్చి కూర్చుంది. చివర ఉన్నప్పుడు 'ఇ' పలకదు, కానీ లోపలి 'ఏ'ను 'ఏ' అని సాగదీయిస్తుంది. ముందుకు వస్తే రెండూ కలిసి 'ఈ' అని పలుకుతాయి. ఒక్క సూత్రంతో 14 స్పెల్లింగులు వచ్చాయి.

అయితే ప్రతిచోటా ఇలాగే ఉండదు. హెడ్‌మాస్టర్‌లోని హెడ్, మనం తినే బ్రెడ్, పని మధ్యలో తీసుకునే బ్రేక్ – వీటిలోనూ 'ఇ', 'ఏ' కలిసే ఉన్నాయి కానీ 'ఈ' అని పలకవు. ఇలాంటివి ఎదురైనప్పుడల్లా నోటుబుక్కు చివరి పేజీలో వేరే జాబితా రాసుకోండి. సూత్రానికి లొంగనివి కొన్నే కాబట్టి బట్టీ భారం తగ్గుతుంది.

ఆటలో చదువు

అమెరికాకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ 1930లలో పత్రికల పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి ఒక ఆట తయారుచేశాడు. తరువాత అదే స్క్రాబుల్ అయింది. అందులోని 100 బిళ్లల్లో 'ఇ' బిళ్లలు 12, 'ఏ' బిళ్లలు 9. క్యూ, జెడ్ ఒక్కొక్కటే. అచ్చులన్నీ కలిపితే 42. అందుకే మాట కట్టేటప్పుడు ముందు అచ్చు ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. అట్టముక్కలు కత్తిరించి పెన్నుతో అక్షరాలు రాసుకుంటే ఈ ఆట మన గదిలోనే ఆడుకోవచ్చు.

ఇంకొక ఆట అక్షరాల నిచ్చెన. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు బోధించిన లూయీ కరోల్ 1877లో దీనిని కనిపెట్టాడు. ప్రతి మెట్టుకు ఒక్క అక్షరమే మార్చాలి, మాట పొడవు మారకూడదు. పిల్లిని కుక్కగా మార్చాలంటే: సి-ఏ-టి పిల్లి, సి-ఓ-టి మంచం, డి-ఓ-టి చుక్క, డి-ఓ-జి కుక్క. మూడు మార్పులు చాలు.

మన జిల్లా మూలాలు, ప్రపంచ వేదిక

2024 మే 30న అమెరికాలో స్క్రిప్స్ జాతీయ స్పెల్లింగ్ పోటీని 12 ఏళ్ల బృహత్ సోమ గెలిచాడు. అతని కుటుంబ మూలాలు మన నల్లగొండవే. ఆఖరి ఘట్టంలో 90 సెకన్లలో 29 మాటలకు సరైన స్పెల్లింగు చెప్పాడు. 20 చెప్పి రెండో స్థానంలో నిలిచిన ఫైజాన్ జాకీ కుటుంబం హైదరాబాద్‌ది. అతడు మరుసటి ఏడాది, 2025లో, అదే పోటీ గెలిచాడు.

వాళ్లకున్న పుస్తకాలు, శిక్షణ మనకు ఉండకపోవచ్చు. కానీ ఆ వేదిక మీద పిల్లలు ఏం చేస్తారో గమనించండి. స్పెల్లింగు చెప్పే ముందు మాటకు అర్థం అడుగుతారు, ఏ భాష నుంచి వచ్చిందో అడుగుతారు, వాక్యంలో వాడి చూపమంటారు. అడగడానికి డబ్బు అక్కర్లేదు. మనం కూడా సారును అడగవచ్చు.

ఉద్యోగాల పరీక్షల్లోనూ ఇది పనికివస్తుంది. బ్యాంకు పరీక్షల రీజనింగ్‌లో 'ఇచ్చిన అక్షరాలను ఒక్కొక్కటి ఒక్కసారే వాడి ఎన్ని అర్థవంతమైన పదాలు చేయవచ్చు?' అనే ప్రశ్న వస్తుంటుంది. ఇప్పుడు అలవాటైతే అప్పుడు నిమిషంలో తేలిపోతుంది.

అభ్యాసం

జవాబులు చూడకుండా ముందు ప్రయత్నించండి.

1. ఏ, ఇ, ఎల్, పి – నాలుగు మాటలు
2. ఐ, ఇ, ఎం, టి – మూడు మాటలు
3. ఏ, ఆర్, ఎస్, టి – మూడు మాటలు
4. ఓ, ఇ, ఎన్, టి – రెండు మాటలు

జవాబులు

1. పేల్ – పాలిపోయిన. లీప్ – దూకు. ప్లీ – విన్నపం. పీల్ – గంటల మోత
2. టైమ్ – సమయం. ఐటమ్ – వస్తువు. ఎమిట్ – వెలువరించు
3. స్టార్ – నక్షత్రం. ఆర్ట్స్ – కళలు. ర్యాట్స్ – ఎలుకలు
4. నోట్ – రాసుకో. టోన్ – స్వరం

పెద్ద తరగతుల వారికి ఒక ఆరక్షరాల జంట: ఎల్-ఐ-ఎస్-టి-ఇ-ఎన్ లిసన్, అంటే విను. అవే అక్షరాలతో ఎస్-ఐ-ఎల్-ఇ-ఎన్-టి సైలెంట్, అంటే నిశ్శబ్దం. ఇవే అక్షరాలతో ఇంకా కొన్ని మాటలున్నాయి, అవి మీరే వెతకండి.

అభ్యాసం కూసు విద్య అన్నారు పెద్దలు. రాత్రి స్టడీ అవర్‌లో రోజుకు ఒక్క గుంపు, అంటే నాలుగు మాటలు రాసినా నెలకు 120 మాటలవుతాయి. ఏడాది తిరిగి మళ్లీ వార్షికోత్సవం నాటికి వెయ్యి దాటుతాయి. అందరూ ఇవాళ రాత్రే మొదలుపెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.